బాపు కోసం కొన్న ఆట

మగవాళ్లకు కానుకగా ఏమివ్వాలన్న ప్రశ్న మన మధ్యతరగతి ఇళ్లలో కొత్తగా పుట్టింది. పంచెల చాపు ఇచ్చే కాలం పోయి, అట్టపెట్టెల్లో ఆటలూ, ముక్కలు పేర్చే బొమ్మలూ ఇచ్చే కాలం వచ్చింది. నేనూ పోయిన దసరాకు నిజామాబాదు బజారులో ఒక బిజినెస్ ఆట కొని సిరికొండ బస్సు ఎక్కాను. మోకాళ్ల నొప్పులతో సేద్యం మానుకున్న బాపుకు పొద్దు గడవడం లేదు. నా చదువుకు తగిన కానుక ఇదేననుకున్నాను.

నగరాలు కొని, అద్దెలు గుంజి, తోటివాళ్లను దివాలా తీయించినవాడే అందులో విజేత. ఇది మోనోపలీకి దేశవాళీ రూపం. ఆ మోనోపలీకి మూలమైన 'భూస్వామి ఆట'ను అమెరికాలో ఎలిజబెత్ మాగీ అనే స్త్రీ కల్పించి, 1904లో పేటెంటు పొందింది. ఆమె హెన్రీ జార్జి అనుయాయి. భూమి కొందరి గుత్తసొత్తు కావడంలోని అన్యాయాన్ని చూపడమే ఆమె ఉద్దేశం. అందరూ బాగుపడే నియమాలు ఒక రకం, ఒక్కడే బాగుపడే నియమాలు మరొక రకం పెట్టింది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆమె హక్కులను 500 డాలర్లకు కొన్నది. జనంలో మిగిలింది రెండో రకమే. గుత్తాధిపత్యాన్ని ఎండగట్టిన ఆట చివరకు గుత్త వ్యాపారుల సరుకైంది.

ఈ సంగతంతా క్లాసులో చెప్పినట్టు బాపుకు చెప్పాను. ఆయన కాగితపు నోట్లు వేళ్ల మధ్య తిప్పి, "జాగలు కొనుడు, కిరాయి గుంజుడు. బతుకంత చూసిందే గదా బిడ్డా," అని పెట్టె పక్కన పెట్టి, సుద్దముక్కతో అరుగు మీద పులిమేక గీశాడు. మా ఊళ్లో 3 పులులకు 15 మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేకలు ఒకదాని వెనుక ఒకటి నిలిచి దారులు మూస్తే, పులి కదలలేక ఓడుతుంది. ఐకమత్యానికి ఇంతకన్నా మంచి పాఠం ఏముందని లోలోపల ఒక వ్యాసం అప్పుడే మొదలుపెట్టాను.

అమ్మ కత్తెర చప్పుడు ఆ వ్యాసాన్ని ఆపింది. గడప పక్కన చాట ఒళ్లో పెట్టుకొని ఆమె బీడీలు చుడుతున్నది. మా జిల్లాలో ఎందరో ఆడవాళ్లకు ఇదే బతుకు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన.

"నీకేం తెమ్మంటవమ్మా?" అన్నాను. ఇంతవరకూ ఎన్నడూ అడగలేదని గుర్తుకొచ్చి సిగ్గేసింది.

"నాకేం తెస్తవు బిడ్డా, ఆడేటందుకు తీరికేది?" అని, తల ఎత్తకుండానే, "గా మూలకు మేకను పెట్టు, పులి ఇరుకుతది," అన్నది. పెట్టాను. రెండు ఎత్తుల్లో పులి కట్టుబడ్డది. ఇన్నేళ్లూ ఆమె చేతులు ఒక పనిలో, కళ్లు ఈ ఆటలో ఉన్నాయన్నమాట.

శ్రామికుడికి విరామం కావాలని సభల్లో చెప్పాను, పాఠాల్లో చెప్పాను. మా అరుగు మీది విరామం ఎవరి చేతుల మీద నిలిచిందో చూడలేదు. మగవాడికి ఏ ఆట ఇవ్వాలని అడిగేవాళ్లం, ఆ ఇంట్లో ఆడే తీరిక ఎవరికున్నదని ముందు అడగాలి.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఏ ఆటా కొనలేదు. కత్తెర పట్టి ఆకు కత్తిరించడం నేర్చుకున్నాను. బాపు కొంత గునిసినా, దారం కట్టాడు. నా ఆకుల్లో సగం వంకరపోయాయి. అమ్మ నవ్వి, వాటిని ఏరి పక్కన పడేసింది. ఆ సాయంత్రం ఆమెకు ఒక గంట మిగిలింది.

"పులులు నాయి," అంటూ అరుగెక్కింది.