పేర్లు రాసుకుంటే చాలదు

వరంగల్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సమాంతర ప్రోగ్రామింగ్ ల్యాబ్ జరుగుతుంటే చూడటానికి వెళ్లాను. పెద్ద యంత్రాలేమీ లేవు. మామూలు డెస్క్‌టాప్‌లు, వాటిని కలిపే నెట్‌వర్క్ స్విచ్, ఉచితంగా దొరికే ఓపెన్ ఎంపీఐ. ప్రాసెస్‌లు ఒకదానికొకటి సందేశాలు పంపుకోవడానికి 1994లో వెలువడిన ప్రమాణమే ఎంపీఐ. సూపర్ కంప్యూటర్ల మీద ఈనాటికీ ఎక్కువగా నడిచేది ఇదే.

ప్రోగ్రామ్ మొదలవగానే ప్రాసెస్‌లన్నీ 'కమ్ వరల్డ్' అనే ఒకే కమ్యూనికేటర్‌లో, అంటే తమలో తాము సందేశాలు పంపుకోగల ఒకే బృందంలో ఉంటాయి. సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కోదానికి ఒక ర్యాంకు. కానీ అన్నిటికీ అన్నిటితో పని ఉండదు. పుణేలోని ఐఐటీఎం వాడే రుతుపవనాల నమూనాలో వాతావరణం లెక్కలు వేరు, సముద్రం లెక్కలు వేరు. ఒక బృందం తన మొత్తాలు కూడుకుంటుంటే రెండోది ఆగడం దేనికి? గ్రూపులు వచ్చింది అందుకే.

నేను వెళ్లేసరికి ఒక అమ్మాయి ప్రోగ్రామ్ బిగుసుకుపోయి ఉంది. ఎర్రర్ లేదు, జవాబూ లేదు. ఎనిమిది ప్రాసెస్‌లలో 0, 2, 4, 6 ర్యాంకులను, వాటి మొత్తం కూడటానికి, గ్రూపు చేసింది. "గ్రూపు బానే వచ్చింది మేడం, సైజు నాలుగని చూపించింది. ఆ తర్వాతే కదలట్లేదు" అంది.

మేడం తెర మీద 'ఇఫ్' దగ్గర వేలు పెట్టారు. "గ్రూపంటే పెళ్లికి పిలవాల్సినవాళ్ల పేర్లు రాసుకోవడమేనమ్మా. ఎవరికివాళ్లు రాసుకోవచ్చు. కమ్యూనికేటర్ అలా కాదు. దాన్ని తయారుచేసే 'కమ్ క్రియేట్'ని ఎనిమిదీ పిలవాలి. నువ్వు సరి ర్యాంకుల చేతే పిలిపించావు. అవి మిగతా నాలుగింటి కోసం ఎదురుచూస్తున్నాయి."

ఆ అమ్మాయి ఆ లైనును ఇఫ్ బయటికి తెచ్చింది. బేసి ర్యాంకులకు 'కమ్ నల్', అంటే కమ్యూనికేటర్ లేదన్న గుర్తు, వస్తుంది కాబట్టి వాటిని కూడిక జోలికి పోనివ్వకుండా ఒక షరతు పెట్టింది. పాత ర్యాంకుల మొత్తం 12 అని తెర మీద పడగానే పక్క బల్లవాళ్లు కూడా లేచి వచ్చారు. పాత 6వ ర్యాంకు కొత్తదాంట్లో 3 అయింది. ఈ కొత్త కమ్యూనికేటర్‌లో పంపిన సందేశం, గుర్తుగా ఇచ్చే ట్యాగు సంఖ్య ఒకటే అయినా, కమ్ వరల్డ్ సందేశాలతో కలవదు. పెద్ద ప్రోగ్రాములు నమ్మకంగా నడవడానికి ఈ కట్టుబాటే ఆధారం.

సభ్యులు మాత్రమే పిలిస్తే సరిపోయే 'కమ్ క్రియేట్ గ్రూప్' 2012లో ఎంపీఐ 3తో వచ్చింది. అయినా కొత్తవాళ్లకు ముందు 'కమ్ స్ప్లిట్' నేర్పాలని నా అభిప్రాయం. ర్యాంకును రెండుతో భాగించగా వచ్చిన శేషాన్ని దానికి 'రంగు' (కలర్) విలువగా ఇస్తే చాలు, సరి ర్యాంకుల బృందం, బేసి ర్యాంకుల బృందం రెండూ ఒక్క పిలుపుతో ఏర్పడతాయి.

చాలాచోట్ల ఈ పాఠం పరీక్ష జవాబు దగ్గరే ఆగిపోతోంది. ఒక్క ల్యాప్‌టాప్ మీదైనా ఎనిమిది ప్రాసెస్‌లు నడుస్తాయి. అధ్యాపకులారా, దయచేసి పిల్లల చేత నడిపించండి.