ఆ బుల్లి అంకె కిందికి దిగాలండీ!

ఏమండీ, నీళ్ల ఫార్ములా ఎప్పుడైనా కంప్యూటర్లో కొట్టారా? హెచ్ పక్కన ఆ రెండు నిటారుగా నిలబడి ఉంటే చూస్తూ ఎలా ఊరుకున్నారండీ? దాన్ని కిందికి దించేదాకా నాకు కాఫీ రుచించదు!

అసలు మొదట్లో అది పైనే ఉండేది, తెలుసా? మూలకాలకి ఈ అక్షరాల గుర్తులు తెచ్చిన స్వీడన్ పెద్దాయన బెర్జీలియస్ అంకెని నెత్తిమీదే పెట్టాడు. 1834లో జర్మనీలో లీబిగ్, పోగెన్‌డార్ఫ్ కిందికి దించారు. ఎంత మంచిపని చేశారో! ఇప్పుడు పైచోట అయాన్ల ఆవేశాలు దర్జాగా కూర్చుంటున్నాయి.

వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎమ్‌ఎల్‌లో సబ్ ట్యాగు అంటే కిందికి, సప్ అంటే పైకి. బావుంది. మరి సల్ఫేటు అయాన్ రాయండి చూద్దాం. నాలుగుకి ముందో ట్యాగు, వెనకో ట్యాగు. రెండు మైనస్‌కి మళ్లీ ముందోటి, వెనకోటి. ఇంతా చేస్తే, బంతిలో ఒకాయన మోకాలు చాపి కూర్చున్నట్టు ఆ బుల్లి అంకె పై వరసనీ కింది వరసనీ ఎడంగా నెట్టేస్తుంది! సీఎస్‌ఎస్‌లో దాని లైన్ హైట్ సున్నా చేస్తే చాలు, బుద్ధిగా సర్దుకుంటుంది.

లెక్కలూ ఫార్ములాలూ అచ్చుకి తయారుచేసే లేటెక్ ఇంకా సులువు. అండర్‌స్కోర్ కొడితే కిందికి, టోపీ గుర్తు కొడితే పైకి. కానీ అది లెక్కల మనిషి కదా, అక్షరాలన్నీ వాల్చేస్తుంది. వాలిపోయిన ఆక్సిజన్ని చూడగలమా? మూలకం నిటారుగా ఉండొద్దూ!

అందుకే లేటెక్ కోసం మార్టిన్ హెన్సెల్ రాసిన ఎమ్‌హెచ్‌కెమ్ ప్యాకేజీ అంటే నాకు ప్రాణం. సీఈ అనే కమాండు, ఫ్లవర్ బ్రాకెట్లు, అంతే. లోపల నోటితో చదివే వరసలోనే కొట్టుకుంటూ పోండి. మైలుతుత్తమే తీసుకోండి: కాపర్, సల్ఫర్, ఆక్సిజన్ 4, ఓ నక్షత్రం గుర్తు, 5, హెచ్, 2, ఓ. నక్షత్రం చుక్కయిపోతుంది. 4 కిందికి దిగుతుంది. 5 మాత్రం నిలబడే ఉంటుంది, అది నీటి అణువుల లెక్క కదా! 2 మళ్లీ కిందికి. ఒక్క ట్యాగు లేదు, ఒక్క అండర్‌స్కోర్ లేదు. ముద్దొస్తుందా లేదా?

ఫోన్లో మెసేజీ పంపాలంటారా? యూనికోడ్‌లో కింది అంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్నాయి: ₀₁₂₃₄₅₆₇₈₉. ఎంత చక్కగా ఒద్దికగా ఉన్నాయో చూడండి! పై అంకెల్లో 1, 2, 3 పాత లాటిన్-1 కాలం నాటివి, మిగతావి వేరే చోట చేరాయి. అందుకని కొన్ని ఫాంట్లలో పై 3, పై 4 పక్కపక్కన పెడితే ఎత్తు కలవదు. ²³⁴⁵ — మీ దగ్గర కలిసిందా?

ఆగండాగండి, పటిక మిగిలింది! పొటాషియం, అల్యూమినియం, బ్రాకెట్లో సల్ఫేటు, బయట 2, చుక్క, 12 నీళ్లు. ఏది దిగాలో, ఏది నిలబడాలో మీరే చెప్పండి. 12ని దించారో, ఊరుకోను!