పునాదికి ముందు కాగితం (రాజోలు డైరీ)

2024 అక్టోబర్ 21
కువైట్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. రాజోల్లో మాకున్న 5 సెంట్లలో కింద రెండు, పైన రెండు పోర్షన్లు వేసి అద్దెకిద్దామంటాడు. పని చూసుకోవాల్సింది నేను. పవర్ ఆఫ్ అటార్నీని అక్కడి మన ఎంబసీలో అటెస్ట్ చేయించి పంపమన్నాను. అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టాలి. గల్ఫ్ డబ్బుతో లేచే ఇళ్లు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. డబ్బు పెట్టేవారు ఊళ్లో ఉండరు, పని నోటిమాట మీద నడుస్తుంది. తగువుకి అంతకంటే ఏం కావాలి?

అక్టోబర్ 29
ఇద్దరు మేస్త్రీలు అడుగుకి రేటు చెప్పారు. ఒకరిది లేబర్ ఒక్కటే, ఇంకొకరిది మెటీరియల్‌తో సహా. మెట్లు, బాల్కనీ, సన్‌షేడ్ అడుగుల లెక్కలోకి వస్తాయా? సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ ఎవరి ఖాతా? ఇవి తేలకుండా ఎవరు చౌకో చెప్పలేం.

నవంబర్ 5
మెరక మట్టి వేసవిలోనే పోయించాం, వానలకి బాగా దిగింది. 2022 జులై గోదావరి వరదలో లంకలు మునగడం చూసినవాళ్లం కాబట్టి, రోడ్డు మీద నుంచి ఫ్లోరింగ్ ఎంత ఎత్తుండాలో అంగుళాల్లో రాయిస్తున్నాను. నీటి సంగతీ రాయాలి. సముద్రం దగ్గరయ్యేకొద్దీ బోరు నీళ్లు ఉప్పన. ఇనుము వేసే కాంక్రీటు నీటిలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ముందు నీటి పరీక్ష, ఆ తర్వాతే పని.

నవంబర్ 11
పునాది, ప్లింత్ బీము, స్లాబు, గోడలు, ప్లాస్టరింగు: ఏ దశ పూర్తయితే ఆ దశ డబ్బు. చివరి 5 శాతం ఒక వానాకాలం గడిచాక. లేబర్ రేటు చెప్పిన మేస్త్రీ అన్నాడు: "మాస్టారూ, శనివారం బట్వాడా ఆపితే సోమవారం కూలోళ్లు రారండి. స్లాబు దాకా నేనెక్కడ తెచ్చి పెట్టనండి?" అతని మాట న్యాయం. వారం వారం ఇచ్చేది ఆ దశ డబ్బులో జమ పడేలా మార్చి రాశాం.

నవంబర్ 14
ఆలస్యమైతే రోజుకింత జరిమానా అని రాసుకున్నా, 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసిన మొత్తం దానికి పైహద్దు మాత్రమే. సిమెంటు మేమే ఆలస్యంగా పంపితే అతని గడువు అన్ని రోజులూ పెరుగుతుందని కూడా చేర్చాం. షరతు రెండు వైపులా ఉంటేనే ఒప్పందం.

2025 జనవరి 18
పండగ వెళ్లింది. మరదలు ఫోన్లో ఇంకో రెండు అటకలు కావాలంది. ఉచితంగా చేస్తానని అనని పని చేయించుకుని అనుభవిస్తే, రాత లేకపోయినా డబ్బు ఇవ్వాల్సిందేనని అదే కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్. అందుకే ఎక్స్‌ట్రా ఏదైనా ముందు రేటు, పుస్తకంలో ఇద్దరి సంతకాలు, ఆ తర్వాతే ఇటుక.

ఫిబ్రవరి 9
కింది స్లాబు పడింది. పీపీసీ సిమెంటు కాబట్టి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. నీళ్లు కొట్టే బాధ్యత మేస్త్రీదని ఒప్పందంలో ఉంది. అందుకే ఎవరికీ గుర్తు చేయాల్సిన పని పడలేదు.

మార్చి 2
సొంత స్థలంలో కట్టుకునే ఇల్లు రెరా (రియల్ ఎస్టేట్ చట్టం) కిందికి రాదు. 2016 నాటి ఆ చట్టం బిల్డరు మీద పెట్టిన 5 ఏళ్ల నిర్మాణ లోపాల బాధ్యతని మాత్రం మన కాగితంలో మనమే రాసుకోవచ్చు. మేస్త్రీ ఒప్పుకున్నాడు, మేమూ రాసుకున్నాం.

గల్ఫ్‌లో ఉండి ఇక్కడ ఇల్లు లేపుతున్నవారికి నా విన్నపం: మొదటి అడ్వాన్సు పంపే ముందే ఒప్పందం రాయించండి. తెలుగులో రాయించండి, మేస్త్రీకి చదివి వినిపించండి, ఒక కాపీ అతని చేతికివ్వండి. ఆ కాగితం మీ డబ్బుకి ఎంత రక్షణో, అతని కష్టానికీ అంతే.