బేగంపేట నుండి బెలూన్ల చోటికి

సికింద్రాబాదు వచ్చే మన పల్లెవారికి బేగంపేట అనగానే విమానాలే గుర్తుకు వస్తాయి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయినా, అక్కడి వాతావరణ కేంద్రంవారు పైగాలిని కొలిచే బెలూన్లను వదులుతూనే ఉన్నారు. అవి చిన్నవి. ఎన్నో రెట్లు పెద్ద బెలూన్లు ఎగిరే చోటు చూడాలంటే సికింద్రాబాదు స్టేషను దగ్గర బస్సు మారి ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తాలో దిగాలి. టాటా మౌలిక పరిశోధనా సంస్థవారి బెలూన్ కేంద్రం 1969 నుండి ఆ దాపునే ఉంది.

నక్షత్రాల నుండి కంటికి కనబడని ఎక్స్-రే వెలుగు కూడా వస్తుంది. ఆస్పత్రిలో మన ఒంటిగుండా దూసుకుపోయే జాతి కిరణమే గాని, భూమిని కప్పిన గాలి దుప్పటిని దాటలేదు. కనుక దానిని పట్టే పరికరం గాలి పైకి పోవాలి. అది క్సీనాన్ వాయువు నింపిన పెట్టె. ఫోటాన్ అనే వెలుగు రేణువు వచ్చి వాయువులోని పరమాణువును తాకితే ఎలక్ట్రాన్లు విడివడతాయి. వాటిని సన్నని తీగలు లాగుకోగా చిన్న విద్యుత్ స్పందన పుడుతుంది. అలా రేణువులను ఒక్కొక్కటిగా లెక్కిస్తారు.

రాకెట్టు ఎక్కించాక మరమ్మతు చేయలేరు గనుక ముందే పరీక్షించాలి. అటువంటి నమూనా పెట్టె ఒకటి 2008లో ఇక్కడి బెలూనుపై వెళ్లింది. ఆ రకం పెట్టెలు మూడు 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో వెళ్లాయి. హైదరాబాదు భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడం వలన విశ్వకిరణాల గోల ఇక్కడ కొంత తక్కువ. అదీ ఈ ఊరికి కలిసివచ్చింది.

బెలూను 30 నుండి 40 కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. పని ముగిశాక రేడియో సంకేతంతో పెట్టెను విడిపిస్తే రంగుల పారాచూట్‌తో దిగుతుంది. ఎక్కడ దిగుతుందంటే, గాలి వాటాన్ని బట్టి వందల కిలోమీటర్ల దూరాన ఎవరి చేనులోనైనా! 2022 డిసెంబరు 7న వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో పెద్ద గుండ్రటి యంత్రం దిగింది. చుట్టుపట్ల ఊళ్లవారు తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. అది ఎక్స్-రే పెట్టె కాదు, మనుషులను ఆకాశ విహారానికి పంపాలని స్పెయిన్ కంపెనీ చేయించిన నమూనా గది. అందులో మనుషులెవరూ లేరు. ఆకాశం నుండి అంతటిది దిగితే ఎవరు మాత్రం బెదరరు?

ఈ పరికరాలలో హెచ్చు వోల్టేజి ఉండవచ్చు, ముట్టుకోరాదు. తీగల కోసం విప్పితే పాతసామాను కొట్టులో దక్కేది కొద్ది రూపాయలే. చూసినవారు పోలీసు స్టేషనుకు కబురు పెడితే చాలు. కబురు చెప్పినవారికి కేంద్రంవారు బహుమానం, దారి ఖర్చులు ఇస్తారు. విప్పి చూసినవారికి ఇవ్వరు.