చుట్టపుచూపు

'ఏరా, చుట్టాన్ని పిలిచినవాళ్లు ఎప్పుడొస్తావని అడుగుతారు గానీ, ఎప్పుడు వెళ్తావని ముందే అడుగుతారా?'

అమెరికా విజిటర్ వీసా గురించి వివరంగా చెప్పాక మా అమ్మ అడిగిన మొదటి మాట ఇది. నవ్వేసి ఊరుకున్నాను. ఆ ప్రశ్నే మా ఇంట్లో ఇంత దూరం వస్తుందని అప్పుడు అనుకోలేదు.

నాన్న 2022 మార్గశిరంలో పోయారు. ఊళ్లో బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. తెనాలి దగ్గర పల్లెలో ఉన్న పాత పెంకుటింట్లో అమ్మ ఒక్కతే మిగిలింది. నేను హైదరాబాద్‌లో ఈ పేపర్ ఉద్యోగంలో, చెల్లి న్యూజెర్సీలో. 'అమ్మని ఒక్కదాన్నీ ఎలా వదిలేస్తావన్నయ్యా, నా దగ్గరికి పంపించు' అని చెల్లి రోజూ ఫోన్లో ఒకటే గొడవ. ఏడాది తిరక్కుండా సముద్రం దాటనంది అమ్మ. సరే, ఈలోగా ఇంటర్వ్యూ తేదీ అయినా తీసుకుందాం అనుకున్నాం. కొవిడ్ తర్వాత వీసాల కోసం జనం ఎంతగా ఎగబడ్డారంటే, 2022 చివర్లో మన దగ్గర మొదటిసారి విజిటర్ వీసా అడిగేవాళ్లు ఇంటర్వ్యూకు రెండేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది. 2023లో ఆ వరస కాస్త తగ్గింది. ఆ వేసవిలో ప్రయత్నిస్తే మాకు 2024 జనవరిలో తేదీ దొరికింది.

నిజానికి మాది అదృష్టమే. మా బంధువుల్లో పెద్దవాళ్లు వీసా కోసం చెన్నై వెళ్లేవారు. రాత్రి రైలెక్కి, తెల్లారి దిగి, ఏ లాడ్జిలోనో స్నానం చేసి, ఫైలు చంకలో పెట్టుకుని వరసలో నిలబడేవారు. హైదరాబాద్‌కు అమెరికా కాన్సులేట్ 2008లో వచ్చింది. మరుసటి ఏడాది నుంచి బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో వీసాల పని మొదలైంది. 2023 మార్చిలో నానక్‌రాంగూడలో కొత్త భవనానికి మారింది. ఇప్పుడు మన ఊళ్లోనే, కావాలంటే మన భాషలోనే మాట్లాడి రావచ్చు.

ముందు డీఎస్-160 అనే ఫారం నింపాలి. అంతా ఆన్‌లైన్‌లోనే. అందులో భద్రతకు సంబంధించిన ప్రశ్నలు పేజీలకు పేజీలు ఉంటాయి. ఉగ్రవాద సంస్థల్లో ఉన్నారా, ఎవరినైనా చిత్రహింసలు పెట్టారా, అక్రమంగా డబ్బు చలామణీ చేశారా... ఒక్కొక్కటీ తెలుగులో చదివి వినిపిస్తుంటే అమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. 'పక్కింటి కోళ్లు మన పెరట్లో గింజలు తింటుంటే తోలడానికి కూడా మొహమాటపడతాను, నన్నా ఇవన్నీ అడిగేది?' అంది. అందరినీ అడుగుతారమ్మా అంటే శాంతించింది.

తర్వాత పేరు దగ్గర ఇంకో చిక్కు. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. అసలు పేరు ఒక్కటే ఉంది. మనవాళ్లలో ఇది మామూలే. అమెరికావాళ్ల లెక్కలో ఇంటిపేరు లేని మనిషి ఉండదు. అందుకని అమ్మ పేరును ఇంటిపేరు గడిలోకి జరిపి, అసలు పేరున్న చోట 'ఎఫ్ఎన్‌యూ' అని రాయాలి. మొదటి పేరు తెలియదు అని దానర్థం. 'అరవై రెండేళ్లుగా పిలుస్తూనే ఉన్నారు కదరా, ఇంకా తెలియదంటారేం?' అంది అమ్మ.

ఇక సలహాలు. వీసా మాట బయటికి పొక్కితే చాలు, ఎదురు ఫ్లాటువాళ్ల దగ్గర్నుంచి పాలబ్బాయి దాకా అందరూ నిపుణులే. ఇంటి దస్తావేజు పెట్టమన్నారు ఒకరు. పొలం పాస్‌ పుస్తకం మర్చిపోవద్దన్నారు ఇంకొకరు. బ్యాంకు డిపాజిట్లు, నాన్న పోయాక అమ్మకొస్తున్న పెన్షను కాగితాలు, చెల్లి రాసిన ఆహ్వానం, అల్లుడి జీతం వివరాలు... ఫైలు రెండు కిలోలు తూగింది. 'అడిగితేనే చూపించాలి' అని అమ్మతో పదిసార్లు చెప్పాను.

అన్నింటికంటే గట్టిగా అందరూ చెప్పిన మాట ఒకటుంది. 'పురిటికని మాత్రం చెప్పొద్దు, ఇవ్వరు' అని. అప్పటికి చెల్లికి రెండో నెల. మూడో నెల నిండకుండా బయటపెట్టకూడదని అమ్మకూ ఉంది. అలా అందరం కలిసి ఒక అబద్ధం తయారుచేశాం. అమ్మ అమెరికా చూడ్డానికి వెళ్తోంది. లిబర్టీ విగ్రహం, నయాగరా, వాషింగ్టన్. వారం రోజులు బట్టీ పట్టించాను.

ఇంటర్వ్యూ ఎవరిదైతే వాళ్లే లోపలికి వెళ్లాలి. ఫోన్లు కూడా తీసుకెళ్లకూడదు. నేను రోడ్డవతల టీ బండి దగ్గర నిలబడ్డాను. అమ్మ అనుకున్నదానికన్నా ముందే వచ్చేసింది. చేతిలో పాస్‌పోర్టు, దాంతోపాటు ఒక కాగితం. పాస్‌పోర్టు తిరిగి చేతికొచ్చిందంటే వీసా రాలేదనే. ఇచ్చేవాళ్లయితే వాళ్లే ఉంచుకుంటారు.

'ఏం చూస్తారని అడిగాడు. లిబర్టీ విగ్రహం అన్నాను. ఎక్కడుందది అన్నాడు. గుర్తు రాలేదురా. ఎవరితో వెళ్తారన్నాడు. నోట్లో తడారిపోయింది' అంది అమ్మ. తప్పు ఆయనది కాదు. ఆవిడ నోట్లో ఆవిడది కాని మాట పెట్టింది మేము.

ఆ కాగితం మీద 214(బి) అని ఉంది. అమెరికా వలసల చట్టం 1952 నాటిది. అందులోని ఈ సెక్షన్ చెప్పేది చిన్న సంగతే. చూసి వస్తానని వీసా అడిగిన ప్రతి మనిషినీ అక్కడే స్థిరపడాలనుకుంటున్న మనిషిగానే ముందు లెక్కేస్తారు. కాదని ఒప్పించాల్సిన బాధ్యత అడిగినవాళ్లదే. ఇల్లు, పొలం, ఉద్యోగం, మనుషులు... వెనక్కి లాగే తాళ్లు ఏమున్నాయో చూపించాలి. రెండు కిలోల ఫైలు అందుకే. అయితే నిమిషాల్లో ముగిసిపోయే ఇంటర్వ్యూలో ఆ అధికారి చాలాసార్లు ఫైలు తెరవమనడు. మనిషి మాట వింటాడు, అంతే. అమ్మ ఫైలు కూడా ఎవరూ తెరవలేదు.

2023 జూన్ నుంచి ఈ వీసాకు ఫీజు 185 డాలర్లు. మన లెక్కలో అప్పట్లో పదిహేను వేలు దాటింది. వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. మళ్లీ అడగాలంటే మళ్లీ ఫారం, మళ్లీ ఫీజు. అయినా చెల్లి వదల్లేదు. ఎవరైనా రద్దు చేసుకున్న తేదీ దొరుకుతుందేమోనని రాత్రిళ్లు కంప్యూటర్ ముందు కూర్చునేది. మే నెలలో ఒక తేదీ పట్టింది. అప్పటికి దానికి ఆరో నెల.

ఈసారి తప్పులు రాకూడదని ఫారం నింపే పని ఒక కన్సల్టెన్సీకి అప్పగించాం. అక్కడి కుర్రాడు చకచకా నింపేశాడు. పంపించే ముందు ఎందుకో ఒకసారి చూస్తానన్నాను. 'ఇంతకుముందు మీకు అమెరికా వీసా నిరాకరించారా?' అన్న చోట 'లేదు' అని ఉంది. ఇదేంటయ్యా అంటే, 'ఔనంటే మళ్లీ ఇవ్వరు సార్, అందరికీ ఇలాగే పెడతాం' అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. వీసా రాకపోవడం నేరం కాదు. మళ్లీ అడగొచ్చు. కానీ తెలిసి అబద్ధం రాస్తే, అది మోసమని తేలితే, ఆ మనిషికి జీవితాంతం ఆ దేశపు తలుపు మూసుకుపోవచ్చు. పాత నిరాకరణలన్నీ వాళ్ల దగ్గర ఉండనే ఉంటాయి. ఆ ఫారం నింపింది ఎవరైనా, ఆ మాటలకు బాధ్యత మాత్రం అమ్మదే. ఆ రాత్రి కూర్చుని ఫారం మొదట్నుంచీ నేనే నింపాను. ఉన్నది ఉన్నట్టు.

మా ఆవిడ బలవంతం మీద ముందురోజు చిలుకూరు కూడా వెళ్లాం. వీసా బాలాజీ అని పేరు ఊరికే రాలేదు. గుడి చుట్టూ తిరిగేవాళ్లలో సగంమంది చంకలో ఫైలున్న పిల్లలే. కోరిక కోరుకుని 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. అమ్మ మోకాళ్లు పట్టుకుంటూ పదకొండూ పూర్తిచేసింది.

'ఏం చెప్పమంటావురా ఈసారి?' అని పొద్దున కారులో అడిగింది. 'నీకు తోచింది చెప్పమ్మా' అన్నాను.

ఈసారి పాస్‌పోర్టు లేకుండా ఉత్త చేతులతో బయటికొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు లోపల జరిగింది చెప్పింది. ఎందుకు వెళ్తున్నారని అడిగితే, 'అమ్మాయికి మొదటి కాన్పు. తల్లిని కదా, దగ్గరుండి బిడ్డని చూసుకుని వస్తాను' అందట. మీవారు లేరు, అమ్మాయి అక్కడుంది, ఇక తిరిగి రావడం దేనికి అన్నట్టుగా అడిగాడట ఆయన.

'ఏం చెప్పావమ్మా?'

'ఉన్నదే చెప్పాను. మార్గశిరంలో మీ నాన్న తద్దినం. అది ఆ ఇంట్లోనే జరగాలి. కౌలు ధాన్యం కొలిచేదీ అప్పుడే. ఏడాదికోసారి నేను బతికున్నానని సంతకం పెట్టకపోతే పెన్షను ఆగిపోతుంది. నాలుగు వీధుల్లో ఎవరి గడపలోకైనా అడగకుండా వెళ్లగలను. అక్కడ మా అమ్మాయి తలుపు తీస్తే తప్ప బయటికి కూడా వెళ్లలేను. కూతురింటికి ఎంత ప్రేమగా వెళ్లినా చుట్టపుచూపుగానే వెళ్లాలండీ అన్నాను. నవ్వి, వెళ్లిరండమ్మా అన్నాడు.'

నేను మాట్లాడలేకపోయాను. ఎందుకంటే ఆ రెండు కిలోల ఫైల్లో ఇంటి దస్తావేజు పెట్టింది నేనే. అమ్మ తిరిగొస్తుందనడానికి ఇదే రుజువని పైన పెట్టాను. అదే ఇంటిని అమ్మేద్దామని నెల రోజుల ముందు చెల్లితో మాట్లాడిందీ నేనే. అమ్మ ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు నా ఫ్లాటులో... ఇంక ఊళ్లో ఇల్లెందుకని లెక్కలు వేసుకున్నాం. అమ్మని ఎక్కడుంచాలని మేం వందసార్లు మాట్లాడుకున్నాం. ఎక్కడుంటావమ్మా, ఎందుకుంటావు అని ఒక్కసారీ అడగలేదు. అద్దం వెనక కూర్చున్న ఎవరో పరాయి మనిషి అడిగితే గానీ మాకు జవాబు తెలియలేదు.

వీసా ముద్రపడి వచ్చింది. పదేళ్లది. ఊళ్లో అందరూ పదేళ్లు ఉండొచ్చనుకున్నారు. అలా కాదు. ఆ పదేళ్లలో ఎప్పుడైనా వెళ్లి తలుపు కొట్టొచ్చు, అంతే. తలుపు తీసి లోపలికి రానిచ్చేది, ఎన్నాళ్లుండాలో చెప్పేది ఇమిగ్రేషన్ దగ్గరుండే అధికారి. ఆయన రాసే తేదీని ఐ-94 అంటారు. మామూలుగా ఆర్నెల్లు ఇస్తారు. ఆ తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా చేతిలోని పదేళ్ల వీసా చెల్లకుండా పోతుంది.

జులైలో అబుదాబీ మీదుగా ప్రయాణం. అక్కడో వెసులుబాటుంది. అమెరికావాళ్ల తనిఖీ అబుదాబీ విమానాశ్రయంలోనే పూర్తయిపోతుంది. న్యూయార్క్‌లో దిగాక ఇంక సామాను తీసుకుని బయటికి నడవడమే. అయితే దానికి తగ్గట్టు సర్దుకోవాలి. చెల్లికి పథ్యం పొడులతోపాటు అమ్మ పెట్టిన గసగసాల పొట్లం చూసి ఉలిక్కిపడ్డాను. మన వంటింట్లో మసాలా దినుసే గానీ యూఏఈలో అది నిషిద్ధం. దొరికితే జైలుదాకా వెళ్తుంది వ్యవహారం. పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు. మాంసం పచ్చళ్లూ అంతే. ఆవకాయ మాత్రం సీలు వేయించి, తినే పదార్థాలున్నాయని దాచకుండా చెప్పమన్నాను. వీల్‌చైర్ రాయించాం. నడవలేక కాదు, దారి చూపించే మనిషి తోడుంటారని. చెల్లి అడ్రసు, ఫోన్ నంబరు ఇంగ్లిష్‌లో రాసి పర్సులో పెట్టాను.

'ఎన్నాళ్లుంటారు?' అని అక్కడా అడిగారట. అమ్మ తిరుగు టికెట్టు చూపించి నవంబర్ అంది. ఆర్నెల్లు రాసిచ్చారు.

ఆగస్టులో చెల్లికి పాప పుట్టింది. అక్టోబరులో చెల్లి ఫోన్ చేసింది. 'గడువు జనవరిదాకా ఉందన్నయ్యా. పొడిగించమని ఫారం కూడా పెట్టొచ్చట. అమ్మకి నువ్వు చెప్పు' అని. ఆ మాట మూడు నెలల ముందయితే చెప్పేవాణ్నే. 'అమ్మని అడుగు' అన్నాను. అడిగింది. రెండు రోజులు ఏడ్చింది. తర్వాత తనే సూట్‌కేసు సర్దిపెట్టింది.

నవంబర్ చివర్లో అమ్మ దిగింది. మార్గశిరంలో ఆ పెంకుటింట్లోనే తద్దినం పెట్టాం. ఫైల్లోంచి దస్తావేజు తీసి మళ్లీ నాన్న ట్రంకుపెట్టెలో పెట్టేశాను. అమ్మకం మాట నేనూ ఎత్తలేదు, చెల్లీ ఎత్తలేదు.

సంక్రాంతి వెళ్లాక అమ్మ హైదరాబాద్ వచ్చి చిలుకూరు తీసుకెళ్లమంది. 108 ప్రదక్షిణలకు దాదాపు పూటంతా పట్టింది. 'వీసా వచ్చి ఎనిమిది నెలలైందమ్మా, మొక్కు అప్పుడే తీర్చాల్సింది కదా' అన్నాను.

'వీసా రావాలని మొక్కుకున్నానని ఎవరు చెప్పార్రా నీకు?' అంది చెమట తుడుచుకుంటూ. 'వెళ్లి, క్షేమంగా ఇంటికి తిరిగి రావాలని మొక్కుకున్నాను.'