బతికున్న ఎరకి బరువెందుకు?

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట పండుగప్ప కోసం గాలాలు వేసేవాళ్లని చూస్తుంటే నాకొకటే అనిపిస్తుంది. రాడ్డు మీద పెట్టే శ్రద్ధలో సగం ఎరగా గుచ్చే రొయ్య మీద పెట్టాలి. అది నీళ్లలో చురుగ్గా కదులుతుంటేనే కదా బతికున్న ఎర వేసినందుకు ఫలితం!

రొయ్యని తలమీది కొమ్ము మొదట్లో గుచ్చాలి, లోపల కనిపించే నల్లమచ్చకి తగలకుండా. తగిలిందా, చచ్చిపోతుంది. గాలం సన్న తీగదైతే మేలు, లావుదైతే ఆ బరువుకే రొయ్య ఈదలేదు. సీసం బరువు కూడా అంతే, నీటి లాగుడుకి ఎర కొట్టుకుపోకుండా ఉంటే చాలు. సీసాన్ని దారం మీద జారేలా వదిలేసి, దాని కింద గిర్రున తిరిగే కొక్కెం (స్వివెల్), ఆ కింద 2, 3 అడుగుల మందపాటి లీడర్ దారం కట్టండి. చేప ఎర అందుకుని కదిలితే దారం సీసంలోంచి జారుతుంది, బరువు దానికి అంతగా తెలియదు. లీడర్ మాత్రం మానొద్దు. పండుగప్ప మొప్పల మీది రేకు అంచు కత్తిలా ఉంటుంది, సన్న దారాన్ని తెంపేస్తుంది.

రాడ్డు 9 అడుగులైనా 10 అయినా కొన మెత్తగా ఉండాలి. గట్టిగా విసిరితే రొయ్య ఊడిపోతుంది.

నా మాట వింటే కొన లోపలికి వంగిన గాలం, అదే సర్కిల్ హుక్, వాడండి. గుంజకుండా రీలు తిప్పుతూ పోతే చాలావరకు నోటి మూలే పట్టుకుంటుంది, కడుపులోకి దిగదు. పండుగప్ప మామూలుగా మగచేపగా ఎదిగి, పెద్దయ్యాక ఆడదవుతుంది. అంటే పెద్దవి గుడ్లు పెట్టే ఆడచేపలన్నమాట. అందుకే బాగా పెద్దది పడితే దయచేసి ఒడ్డుకి ఈడ్చకండి, నీళ్లలోనే గాలం విప్పి వదిలేయండి.