ముందు జాయింటు చూడాలె..

'టక్'.. తాళం తిప్పితే అంతే చప్పుడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ 'టక్'!

పిల్లల గోల పడలేక ఓ ఆదివారం సాయంత్రం స్పీడ్ బోటు ఎక్కాం. ఏ జలాశయం, ఎవరి బోటు అన్నది ఇప్పుడెందుకు లెండి. నీళ్ల నడుమకు తీసుకెళ్లి, ఫొటోలు దిగండంటూ ఇంజిన్ ఆపాడు కుర్రాడు. ఆపడం బాగానే ఆపాడు. మళ్లీ స్టార్టయితేగా! ఒడ్డు కనిపిస్తోంది కానీ, కేకేస్తే వినిపించేంత దగ్గర్లో లేదు. పొద్దు గుంకుతోంది. పెద్దది లైఫ్ జాకెట్‌తో సహా నన్ను కరుచుకుపోయింది. చిన్నోడు హారన్ నొక్కితే, అది జలుబు చేసినట్టు మూలిగింది.

"లో వోల్టేజీ మేడం. బ్యాటరీ పోయినట్టుంది. మొన్ననే కొత్తది ఏసినం" అన్నాడు కుర్రాడు, తలగోక్కుంటూ.

లో వోల్టేజీ! ఆ మాట వింటే నాకు ఇప్పటికీ వేపుడు వాసనలాంటి ఓ కమురు వాసన ముక్కుకు తగులుతుంది. కాలిన మోటారు వాసన.

మాది ఇబ్రహీంపట్నం. ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మీద వెలసిన ఊరు. ఆయన కాలం నాటి పెద్ద చెరువు ఉందన్న మాటే కానీ, నా చిన్నతనంలో అందులో నీళ్లకంటే తుమ్మచెట్లే ఎక్కువ కనిపించేవి. బతుకంతా బోర్ల మీదే. మోటారుకు 415 వోల్టులు అందాలి. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తే ఏం అందుతుంది? వోల్టేజీ తగ్గిన కొద్దీ మోటారు అదే పని చెయ్యడానికి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. వేడెక్కుతుంది. చివరికి వైండింగ్ కాలుతుంది.

1999 ఎండాకాలంలో మాది రెండుసార్లు కాలింది. మొదటిసారి అప్పు చేసి చుట్టించాడు నాయిన. రెండోసారి పాడి బర్రెను అమ్మాడు. అప్పటికే వరి సగం ఎండింది. మోటారు దించడానికి వచ్చిన మెకానిక్ ఎందుకో స్టార్టర్ డబ్బా తెరిచాడు. లోపల ఒక ఫేజు వైరు బిగించిన స్క్రూ వదులై, నల్లగా మాడి ఉంది. వోల్టేజీ తక్కువన్నది నిజమే. కానీ ఉన్న కాస్తనూ ఆ స్క్రూ దగ్గరే తగలేసుకున్నాం. మూడు ఫేజుల్లో ఒకటి సరిగ్గా అందక రెండు మోటార్లు బూడిదయ్యాయి.

ఆ రోజు నాయిన ఎవర్నీ తిట్టలేదు. "ముందుగాల జాయింటు చూడాలె బిడ్డా. తర్వాతనే మోటరు" అన్నాడంతే.

బోట్లో ఆ మాటే గుర్తొచ్చింది. "బ్యాటరీ మూత తియ్యి తమ్ముడూ" అన్నాను. కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. ముందు తాళం ఆపించాను. పెట్రోలు ఆవిరి ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు, అందుకే ఇంజిన్ మూత కూడా తెరిచి కాసేపు గాలాడనిచ్చాం. తర్వాత బ్యాటరీ క్లాంపుల మీద చెయ్యి పెట్టి చూశాను. ఒకటి చల్లగా ఉంది. రెండోది వేడిగా ఉంది! దాని చుట్టూ ఆకుపచ్చ, తెలుపు కలిసిన పొడి. కరెంటుకు దారి ఇరుకైన చోటే వేడి పుడుతుంది. స్టార్టర్ మోటారు వంద ఆంపియర్లకు పైనే లాగుతుంది. అంత కరెంటు వెళ్లేటప్పుడు జాయింటులో ఓమ్‌లో యాభయ్యో వంతు అడ్డు ఉన్నా, 2 వోల్టులు అక్కడే మాయం. 12 వోల్టుల బ్యాటరీకి అది చిన్న నష్టం కాదు.

ముందు నెగెటివ్ వైరు, తర్వాత పాజిటివ్ విప్పాడు. చాకుతో గీకి, గుడ్డతో తుడిచి, గట్టిగా బిగించాడు. ఈసారి నెగెటివ్ చివర్న. తాళం తిప్పాడు. ఇంజిన్ గర్జించింది. పెద్దది అప్పుడు ఏడ్చింది!

ఒడ్డున మెకానిక్ మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీ దగ్గర 12.5. భేషుగ్గా ఉంది. ఇంజిన్ నడుస్తుంటే 14. అంటే చార్జింగూ బాగానే ఉంది. "కొత్త బ్యాటరీ కొనిపించిండ్రు.. పాతది కూడా మంచిదేనేమో" అని గొణిగాడు. గుజిరీకి పోయిన పాత బ్యాటరీ సంగతి ఇక ఎవరు తేలుస్తారు?

మీ బండి, మీ ఇన్వర్టర్, మీ మోటారు.. ఏది మొరాయించినా ముందు పర్సు తియ్యకండి. మూత తియ్యండి. జాయింట్లు చూడండి.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు మొదలైంది. నాయిన మాత్రం ఇప్పటికీ నెలకోసారి మెయిన్ ఆపి, స్టార్టర్ డబ్బా తెరిచి స్క్రూలు బిగిస్తాడు. ఆ రాత్రి ఫోన్ చేసి బోటు సంగతంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నా. చాలాసేపు మాట్లాడలేదు.

"మన బర్రె యాదికున్నదా బిడ్డా?" అన్నాడు.